కొత్త బిజినెస్ వెబ్‌సైట్‌కు ఫీడ్‌బ్యాక్ ఎలా తీసుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న బిజినెస్‌లకు సైట్లు చేసిపెట్టడం నా పని. లాంచ్ అయిన మొదటి నెలలో ఓనర్ల నుంచి వచ్చే ఫోన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ ప్రశ్నలనూ, నేను చెప్పే జవాబులనూ ఒకచోట చేర్చాను. పెద్ద టీమ్, రీసెర్చ్ బడ్జెట్ లాంటివి లేనివాళ్ల కోసం ఇది.

సైట్ లాంచ్ చేశాం. ఎవరిని అడిగినా "సూపర్" అంటున్నారు. అంటే బాగున్నట్టేనా?

ఆ మాటను బట్టి ఏమీ తేల్చలేం. మీరు లింక్ పంపి "ఎలా ఉందో చెప్పండి" అన్నారు. అవతలివాళ్లు హోమ్ పేజీ తెరిచి, పైనుంచి కిందికి ఒకసారి వేలితో జరిపి, మీరు పడ్డ కష్టం గుర్తొచ్చి "సూపర్" అని రిప్లై ఇచ్చారు. అందులో అబద్ధం ఏమీ లేదు. వాళ్లు చూసింది బొమ్మలు, రంగులు. అవి నిజంగానే బాగుండి ఉంటాయి. కానీ వాళ్లు మీ దగ్గర ఏదీ కొనడానికి రాలేదు, ధర కోసం వెతకలేదు, ఫారం నింపలేదు. కొంత మొహమాటం, కొంత అవసరం లేకపోవడం. ఈ రెండూ కలిస్తే వచ్చే జవాబు "సూపర్".

మీ కళ్లకు కూడా లోపాలు ఆనవు. కాకి పిల్ల కాకికి ముద్దు. పైగా ఏ పేజీలో ఏముందో మీకు ముందే తెలుసు కాబట్టి వెతుక్కునే బాధ మీకు లేదు. కొత్తగా వచ్చిన మనిషి ఎక్కడ ఆగిపోతున్నాడో, ఏ మాట అర్థంకాక వెనక్కి వెళ్లిపోతున్నాడో తెలియాలంటే అడిగే పద్ధతి మార్చాలి.

మరి ఏం అడగాలి?

అభిప్రాయం అడగకండి, ఒక పని అప్పగించండి. సైట్ ఎందుకు పెట్టారో ఒకసారి కాగితం మీద రాసుకోండి: ఆర్డర్ రావాలి, అపాయింట్‌మెంట్ బుక్ కావాలి, ఫోన్ రావాలి, ఏదో ఒకటి. దాన్నే పనిగా మార్చి ఎదుటివాళ్లకు ఇవ్వండి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. "కాంటాక్ట్ పేజీకి వెళ్లి ఫారం నింపండి" అంటారు. మెనూలో ఉన్న మాటనే మీరు నోటితో చెప్పేశారు కదా, ఇంక వాళ్లు వెతకాల్సింది ఏముంది? ఆ మాట ఎక్కడుందో చూసి నొక్కేస్తారు, మీరు పాస్ అనుకుంటారు. దానికి బదులు ఇలా అనండి: "మీరు కొన్న వస్తువు పాడైపోయి వచ్చింది. డబ్బులు వెనక్కి ఇస్తారో లేదో తెలుసుకోవాలి. ఏం చేస్తారు?" బటన్ మీద, మెనూలో ఉన్న మాటలు మీ నోటి నుంచి రాకూడదు.

ఒక్కొక్కరికి మూడు పనులు చాలు. నాలుగోదానికి విసుగు మొదలవుతుంది.

ఎవరిని అడగాలి? ఫ్రెండ్స్, ఇంట్లోవాళ్లు పనికిరారా?

పనికొస్తారు, వేరే పనికి. తెరుచుకోని లింకులు, అచ్చుతప్పులు, లోడ్ కాని ఫొటోలు పట్టుకోవడానికి వాళ్లను మించినవాళ్లు లేరు. అసలు పరీక్షకు మాత్రం మీ బిజినెస్ గురించి ఏమీ తెలియనివాళ్లు, కానీ రేపు కస్టమర్ అయ్యే అవకాశం ఉన్నవాళ్లు కావాలి. ఫ్రెండ్స్‌ను అడగాల్సింది వాళ్ల అభిప్రాయం కాదు, వాళ్లకు తెలిసినవాళ్ల నంబర్లు.

పాత కస్టమర్లు మధ్యరకం. వాళ్లకు మీ మాటలు, మీ ప్యాకేజీల పేర్లు ముందే అలవాటు. "ప్రీమియం ప్లస్" అంటే ఏమిటో వాళ్లకు తెలుసు, కొత్తవాళ్లకు తెలియదు. కానీ వాళ్లను ఒక మంచి ప్రశ్న అడగొచ్చు: "మొదటిసారి మాకు ఫోన్ చేసినప్పుడు మీరు అడిగిన సందేహం ఏమిటి?" ఆ సందేహానికి జవాబు హోమ్ పేజీలో ఉందో లేదో వెంటనే చూసుకోండి.

ఎంతమందిని కూర్చోబెట్టాలి?

ఒక విడతకు ఐదుగురు. ఈ లెక్క యూజబిలిటీ రంగంలో, అంటే సైట్లు వాడటానికి ఎంత తేలికో చూసే రంగంలో, పేరున్న జేకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. దాని వెనక, పరిశోధకుడు టామ్ లాండవర్‌తో కలిసి ఆయన 1993లో ప్రచురించిన లెక్క ఉంది. సగటున ఒక్కో మనిషి సైట్‌లోని సమస్యల్లో 31 శాతం బయటపెడతాడు అనుకుంటే, ఐదుగురు అయ్యేసరికి 85 శాతం దాకా తేలిపోతాయి. ఆరోవాళ్ల నుంచి ఎక్కువగా చూసిందే మళ్లీ చూస్తాం.

అయితే దీన్ని వేదవాక్కులా పట్టుకుని తిరిగేవాళ్లను చూస్తే నాకు కొంచెం చిరాకు. ఆ 31 శాతం అన్నది సగటు. పదిమందిలో ఒక్కరికే ఎదురయ్యే సమస్య అయితే, ఐదుగురిని కూర్చోబెట్టినా అది బయటపడే అవకాశం 41 శాతమే. పేమెంట్ దగ్గర ఎప్పుడో ఒకసారి వచ్చే ఎర్రర్ లాంటివి ఈ పద్ధతికి చిక్కవు. మరో మాట, మీ కస్టమర్లు రెండు పూర్తి వేరు రకాలైతే, అంటే అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇద్దరూ ఒకే సైట్ వాడితే, రెండు గుంపులనూ విడివిడిగా చూడాలి.

15 మందిని పిలిచే ఓపిక ఉంటే ఒకేసారి పిలవకండి. ఐదుగురితో చూసి, బయటపడ్డవి సరిచేసి, మళ్లీ ఐదుగురు. నీల్సన్ కూడా చెప్పింది ఇదే, జనం మాత్రం ఐదు అన్న అంకె ఒక్కటే గుర్తుపెట్టుకున్నారు.

కూర్చోబెట్టాక ఏం చేయాలి? అసలు అది ఎలా జరుగుతుంది?

వాళ్ల ఫోన్‌లోనే సైట్ తెరిపించండి. మీ ఫోన్ ఇవ్వొద్దు, అందులో లాగిన్లు, సేవ్ అయిన అడ్రస్‌లు ఉంటాయి. మొదలుపెట్టే ముందు రెండు మాటలు చెప్పాలి. ఒకటి: "ఇది మీకు పరీక్ష కాదు, సైట్‌కు పరీక్ష. ఎక్కడైనా ఆగిపోతే తప్పు సైట్‌ది." రెండోది: "మనసులో ఏమనుకుంటే అది పైకి అంటూ ఉండండి." ఈ పైకి అంటూ చేయించే పద్ధతి కొత్తదేం కాదు. ఐబీఎంలో పనిచేసిన క్లేటన్ లూయిస్ 1982లో దీన్ని ఇంటర్‌ఫేస్‌ల పరీక్షకు వాడటం గురించి రాశారు.

ఆ తర్వాత మీరు నోరు మూసుకుని కూర్చోవాలి. ఇదే కష్టం.

నాకు బాగా గుర్తున్న ఒక సెషన్ చెబుతాను. అపాయింట్‌మెంట్లు తీసుకునే సైట్ అది. యాభై దాటిన ఒకావిడను కూర్చోబెట్టి, "రేపు సాయంత్రానికి టైమ్ తీసుకోండి" అన్నాం. పేరు టైప్ చేశారు. ఫోన్ నంబర్ బాక్స్ తాకారు, కీబోర్డ్ పైకొచ్చి సగం స్క్రీన్ కప్పేసింది. నంబర్‌ను మధ్యలో ఒక ఖాళీ ఇచ్చి, చదువుకోడానికి వీలుగా టైప్ చేశారు. బటన్ నొక్కారు. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కారు. ఇంకోసారి, కాస్త గట్టిగా, గట్టిగా నొక్కితే వింటుందేమో అన్నట్టు. అప్పటికే పేజీ పై భాగంలో, ఆవిడకు కనపడనంత పైన, చిన్న ఎర్ర అక్షరాల్లో "తప్పు ఇన్‌పుట్" అని వచ్చి ఉంది. ఆ ఫారం ఖాళీని ఒప్పుకోదు. ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టి, "నాకే సరిగా చేతకావట్లేదు బాబూ" అన్నారు.

వెనక కూర్చున్న ఓనర్ లేచి చెప్పబోతే చేత్తో ఆపాను. చివర్లో "సైట్ ఎలా అనిపించిందండీ?" అని అడిగితే ఆవిడ ఏమన్నారో తెలుసా? "చాలా బాగుంది, రంగులు చక్కగా ఉన్నాయి." బుకింగ్ మాత్రం కాలేదు.

ఆ రోజు సాయంత్రమే రెండు మార్పులు జరిగాయి. నంబర్‌లో ఖాళీలు, గీతలు ఉంటే సైట్ తానే తీసేసుకుంటుంది. ఎర్రర్ ఏ బాక్స్‌లో ఉంటే ఆ బాక్స్ కిందే, ఏం చేయాలో చెబుతూ కనిపిస్తుంది. ఈ ఫారాన్ని అంతకుముందు వాట్సాప్‌లో చాలామందికి పంపి "బాగుంది" అనిపించుకున్నాం.

వాళ్లు పూర్తిగా ఇరుక్కుపోతే సాయం చేయకూడదా?

వెంటనే చేయొద్దు. "ఇది నొక్కితే వస్తుందా?" అని మిమ్మల్ని అడుగుతారు. "నేను పక్కన లేకపోతే ఏం చేసేవారు?" అని తిరిగి అడగండి. "వదిలేసేదాన్ని" అంటే ఆ పని అక్కడితో ఆపి, రాసుకుని, తర్వాతి పనికి వెళ్లండి. మనిషిని ఏడిపించడం మన ఉద్దేశం కాదు.

ఎదురుగా కూర్చునే వీలు లేదు. దూరం నుంచి కుదురుతుందా?

జూమ్ లేదా గూగుల్ మీట్‌లో స్క్రీన్ షేర్ చేయించండి, ఫోన్ నుంచి కూడా షేర్ అవుతుంది. షేర్ చేసే ముందు నోటిఫికేషన్లు ఆపేయమని చెప్పండి, లేకపోతే వాళ్ల పర్సనల్ మెసేజ్‌లన్నీ మీకు కనపడతాయి. రికార్డ్ చేయాలంటే ముందే అడిగి ఒప్పించుకోండి. వేళ్ల తడబాటు కనపడదు గానీ, మిగతాదంతా దొరుకుతుంది.

మేము ఏం అమ్ముతున్నామో హోమ్ పేజీ చూస్తే అర్థమవుతోందా? దీన్ని త్వరగా తెలుసుకునే దారి ఉందా?

హోమ్ పేజీ పై భాగాన్ని స్క్రీన్‌షాట్ తీసి, కొత్తవాళ్లకు 5 సెకన్లు చూపించి తీసేయండి. తర్వాత మూడు ప్రశ్నలు: వీళ్లు ఏం చేస్తారు? ఎవరి కోసం? మీకు కావాలంటే తర్వాత ఏం నొక్కుతారు? దీన్ని ఐదు సెకన్ల పరీక్ష అంటారు. "ఏదో కన్సల్టెన్సీ అనుకుంటా" అన్న జవాబు రెండుసార్లు వచ్చిందంటే పెద్ద హెడ్డింగ్ మార్చాలి. "మీ కలలకు మా తోడు" లాంటి హెడ్డింగులు ఈ పరీక్షలో ఎప్పుడూ ఫెయిల్ అవుతాయి. ఏ కల, ఎవరి తోడు, ఏమీ తెలియదు.

సైట్‌లోనే ఫీడ్‌బ్యాక్ పాపప్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, ఎప్పుడు వస్తుందన్నదే ముఖ్యం. లోపలికి అడుగు పెట్టగానే "మా సైట్ ఎలా ఉంది?" అని మొహం మీదికి వచ్చే పాపప్‌ను ఎవరూ చదవరు, మూసేసే గుర్తు కోసం వెతుకుతారు. ఫోన్‌లో అయితే ఆ గుర్తు కూడా దొరకదు.

నేను రెండుచోట్ల పెడతాను. ఆర్డర్ లేదా బుకింగ్ పూర్తయిన పేజీలో ఒకే ప్రశ్న: "ఈ రోజు మిమ్మల్ని దాదాపు ఆపేసిన విషయం ఏదైనా ఉందా?" కొన్నవాళ్లు ఉత్సాహంగా ఉంటారు, రెండు ముక్కలు రాస్తారు. రెండోది ధరల పేజీలోనో సర్వీస్ పేజీలోనో అడుగున, పాపప్‌లా కాకుండా మామూలు లైన్‌గా: "మీరు వెతికింది ఈ పేజీలో దొరికిందా?" అవును, కాదు. కాదు అంటే చిన్న బాక్స్ తెరుచుకుంటుంది.

ఒక్క జాగ్రత్త. ఆర్డర్ పూర్తయ్యాక వచ్చే జవాబులన్నీ గట్టెక్కినవాళ్లవి. మధ్యలో మునిగిపోయినవాళ్లు అక్కడిదాకా రానే లేదు. ఆ ప్రశ్నకు అందరూ "ఏమీ ఆపలేదు" అంటే సైట్ బ్రహ్మాండంగా ఉందని అర్థం చేసుకోకండి.

సర్వే పంపాలనుకుంటున్నాం. ప్రశ్నలు ఎలా రాయాలి?

తక్కువ రాయండి. గూగుల్ ఫారమ్స్‌లో నాలుగైదు ప్రశ్నలు దాటితే సగంలో వదిలేస్తారు. నేను తరచూ కొట్టేసే రకాలు కొన్ని:

"మా కొత్త, సులభమైన బుకింగ్ మీకు నచ్చిందా?" సులభం అని మీరే చెప్పేశారు. దాని బదులు "బుకింగ్ చేయడం ఎంత తేలిక లేదా కష్టం అనిపించింది?"

"మా డిజైన్, ధరలు బాగున్నాయా?" రెండు ప్రశ్నలు ఒకే గంపలో. డిజైన్ నచ్చి ధర నచ్చనివాళ్లు ఏం నొక్కాలి?

"చాట్ సౌకర్యం పెడితే వాడతారా?" అందరూ వాడతాం అంటారు. రేపటి గురించి అడిగితే మంచి మాటలే వస్తాయి. "పోయినసారి ఇలాంటి సైట్‌లో సందేహం వస్తే ఏం చేశారు?" అని అడగండి, జరిగింది చెబుతారు.

ఏదైనా స్కోర్ ఉంటుందా, మార్కుల్లాగా?

ఉంది. ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) అని 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన 10 వాక్యాల ప్రశ్నావళి. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా ఎంచుకోవాలి. బేసి సంఖ్య వాక్యాలు మెచ్చుకునేవి, సరి సంఖ్యవి తప్పుపట్టేవి, కళ్లు మూసుకుని అన్నింటికీ ఒకటే నొక్కకుండా. బేసి వాటిలో వచ్చిన అంకె నుంచి 1 తీసేయాలి, సరి వాటిని 5లోంచి తీసేయాలి, అన్నీ కూడి 2.5తో గుణిస్తే 100కు స్కోర్ వస్తుంది. అది శాతం కాదు. సగటు 68 దగ్గర ఉంటుంది కాబట్టి 70 వస్తే ఫస్ట్ క్లాస్ అనుకోవద్దు, మామూలే.

ఎన్‌పీఎస్ (నెట్ ప్రమోటర్ స్కోర్) గురించి కూడా అడుగుతుంటారు. "మమ్మల్ని ఇతరులకు చెబుతారా?" అని 0 నుంచి 10 దాకా అడిగేది. ఫ్రెడ్ రైక్‌హెల్డ్ 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాక బాగా పాకింది. 9, 10 ఇచ్చినవాళ్ల శాతంలోంచి 0 నుంచి 6 దాకా ఇచ్చినవాళ్ల శాతం తీసేస్తారు. మీకు జవాబిచ్చింది 20 మందే అయితే, ఒక్క మనిషి 9 నుంచి 6కి మారితే చాలు, స్కోర్ 10 పాయింట్లు పడిపోతుంది. కొత్త సైట్‌కు ఈ అంకె వెంట పడటం దండగని నా అభిప్రాయం.

గూగుల్ అనలిటిక్స్ పెట్టాం కదా. మనుషుల్ని అడగాల్సిన అవసరం ఇంకా ఉందా?

ఎంతమంది ఏ పేజీ నుంచి వెళ్లిపోయారో అది చెబుతుంది. ఎందుకు వెళ్లిపోయారో చెప్పదు. పైగా మొదటి నెలలో రోజుకు 20 మంది వస్తే అందులో ముగ్గురు మీరు, మీ పార్ట్‌నర్, మీ డెవలపర్. ముందు సెట్టింగ్స్‌లో మీ సొంత ట్రాఫిక్‌ను తీసేయించండి.

అంకెల పేర్లు చూసి మోసపోవడం కూడా తేలికే. గూగుల్ అనలిటిక్స్ 4లో 10 సెకన్లు దాటిన సెషన్‌ను, అంటే ఒక విజిట్‌ను, "ఎంగేజ్డ్" కింద లెక్కేస్తారు. ధర ఎక్కడుందో తెలియక తల గోక్కుంటూ 11 సెకన్లు చూసి వెళ్లిపోయిన మనిషి కూడా ఆ లెక్కలో ఆసక్తి ఉన్నవాడే.

నా వరకు అనలిటిక్స్ వాడేది ఎక్కడ చూడాలో తేల్చుకోడానికి. ఫారం పేజీకి 50 మంది వచ్చి ముగ్గురే పంపితే, తర్వాతి సెషన్‌లో ఇచ్చే మొదటి పని ఆ ఫారమే.

హీట్‌మ్యాప్‌లు, సెషన్ రికార్డింగులు మంచివేనా?

మంచివే. మైక్రోసాఫ్ట్ క్లారిటీ ఉచితం, 2020 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. హాట్‌జార్ కూడా చాలామంది వాడతారు. జనం ఎక్కువగా ఎక్కడ నొక్కారో పేజీ మీద రంగుల్లో చూపించేది హీట్‌మ్యాప్. ఒక్కో విజిటర్ ఎక్కడ నొక్కాడు, ఎంతదాకా స్క్రోల్ చేశాడు అన్నీ వీడియోలా చూపించేది సెషన్ రికార్డింగ్. ముందు చూడాల్సినవి రెండు: ఒకేచోట విసుగ్గా టపటపా నొక్కినవి, నొక్కినా ఏమీ జరగనివి. ఫొటో మీద అందరూ నొక్కుతుంటే దాన్ని లింక్ అనుకుంటున్నారన్నమాట. లింక్ చేసేయండి, గొడవ వదిలిపోతుంది.

ప్రైవసీ విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. బాక్సుల్లో టైప్ చేసేవి రికార్డింగ్‌లో కనపడకుండా దాగి ఉన్నాయో లేదో మీ సొంత పేరు, నంబర్ టైప్ చేసి చూసుకోండి. రికార్డ్ చేస్తున్న సంగతి ప్రైవసీ పాలసీలో రాయండి. యూరప్‌లోని వాళ్లకు అమ్మే సైట్ అయితే 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే యూరప్ డేటా రక్షణ చట్టం వర్తిస్తుంది. ముందు అనుమతి తీసుకున్నాకే ఇలాంటి టూల్స్ మొదలవ్వాలి.

ఎ/బి టెస్ట్ చేస్తే? ఏ బటన్ రంగు బాగుంటుందో...

ఎ/బి టెస్ట్ అంటే ఒకే పేజీని రెండు రకాలుగా చేసి, కొందరికి ఒకటి, మిగతావాళ్లకు ఇంకొకటి చూపించి పోల్చడం. ఇప్పుడే వద్దు. వందకు ఇద్దరు కొనే సైట్‌లో ముగ్గురు కొనేలా మారిందా అని మామూలు లెక్కల ప్రకారం నమ్మకంగా చెప్పాలంటే, ఒక్కో వెర్షన్‌కు సుమారు 3,900 మంది విజిటర్లు కావాలి. రెండూ కలిపి 7,800. రోజుకు 30 మంది వచ్చే సైట్‌లో అది 260 రోజుల పని. ఈలోపు ఐదుగురిని కూర్చోబెడితే బటన్ రంగు కన్నా పెద్ద సమస్యలు పది బయటపడతాయి.

"సైట్ స్లోగా ఉంది" అని ఎవరూ అనలేదు. అంటే స్పీడ్ బాగున్నట్టేనా?

స్లోగా ఉంటే జనం ఫిర్యాదు చేయరు, వెళ్లిపోతారు. ఇది మీరే కొలుచుకోవాల్సిన ఫీడ్‌బ్యాక్. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ టూల్‌లో మీ సైట్ అడ్రస్ ఇస్తే మూడు కొలతలు చూడాలి. ప్రధానమైన బొమ్మ లేదా టెక్స్ట్ కనపడటానికి పట్టే టైమ్, అంటే ఎల్‌సీపీ, 2.5 సెకన్లలోపు ఉండాలి. నొక్కితే స్పందించే టైమ్, ఐఎన్‌పీ, 200 మిల్లీసెకన్లలోపు. పేజీ లోడ్ అవుతుండగా కుదుపు, సీఎల్ఎస్, 0.1 లోపు. ఈ మూడో దాన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ, "రద్దు" నొక్కబోతే పేజీ జరిగి "కొనండి" మీద వేలు పడటం దీనివల్లే.

కొత్త సైట్లకు నిజమైన యూజర్ల డేటా చాలినంత ఉండదు కాబట్టి ఆ టూల్ ల్యాబ్ పరీక్ష ఫలితం మాత్రమే చూపిస్తుంది. ఐఎన్‌పీ అందులో రాదు, మనుషులు వాడితేనే తెలుస్తుంది. అందుకే ఒక పాత, చవక ఫోన్ సంపాదించి వైఫై తీసేసి మీ సైట్ తెరిచి చూడండి. ఓనర్లు తమ కొత్త ఫోన్‌లో చూసుకుని మురిసిపోతుంటారు.

ఇలాగే ఎవరూ చెప్పని ఇంకో సంగతి లేత బూడిద రంగు అక్షరాలు. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు చెబుతాయి. ఎండలో నిలబడి ఫోన్ చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

ఆన్‌లైన్ గ్రూపుల్లో లింక్ పెట్టి "రివ్యూ చేయండి" అంటే?

వచ్చే జవాబులు ఎక్కువగా సాటి డిజైనర్లవి, డెవలపర్లవి ఉంటాయి. ఫాంట్ గురించి, యానిమేషన్ గురించి చెబుతారు. కొన్ని నిజంగా పనికొస్తాయి. వాళ్లు మీ కస్టమర్లు కాదన్నది మాత్రం మర్చిపోవద్దు. అడిగేటప్పుడు "ఎలా ఉంది" అనకుండా, "చెక్‌అవుట్ దాకా వెళ్లి ఎక్కడ ఆగారో చెప్పండి" అనండి. అడగందే అమ్మైనా పెట్టదు సరే, ఏం కావాలో కూడా చెప్పాలి కదా.

టైమ్ ఇచ్చినవాళ్లకు గిఫ్టో డిస్కౌంటో ఇవ్వొచ్చా?

సెషన్‌కు ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. ఏం చెప్పినా ఇస్తామని ముందే చెప్పండి, లేకపోతే పొగడ్తలు కొనుక్కున్నట్టే. పబ్లిక్ రివ్యూలకు మాత్రం ఇవ్వకూడదు. డిస్కౌంట్ ఇచ్చి రివ్యూలు రాయించుకోవడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, రివ్యూలు తీసేస్తారు.

ఒకరు మెనూ పైన ఉండాలంటారు, ఇంకొకరు పక్కన ఉండాలంటారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరిదీ కాదు. వాళ్లు చెబుతున్నది పరిష్కారం. దాని వెనక సమస్య ఏమిటో అడగండి: "మెనూ పక్కన ఉంటే మీకు ఏం తేలికవుతుంది?" చాలాసార్లు ఇద్దరి బాధా ఒకటే అయి ఉంటుంది, "ధరలు ఎక్కడున్నాయో దొరకలేదు" లాంటిది. ధరలను హోమ్ పేజీలోకి తెస్తే మెనూ ఎక్కడున్నా గొడవ ఉండదు.

ఒకాయన ఘాటుగా తిట్టి మెయిల్ పెట్టాడు. జవాబివ్వాలా?

ఇవ్వండి, కానీ మర్నాడు. అంత టైమ్ పెట్టి తిట్టాడంటే ఏదో కొనడానికే వచ్చి ఉంటాడు. సమర్థించుకోకుండా ఒకే ప్రశ్న అడగండి: "ఏ పేజీలో, ఏం చేస్తుండగా ఇలా జరిగింది?" సగంమంది చల్లబడి వివరంగా రాస్తారు. కారణం లేకుండా తిట్టేవాళ్లూ ఉంటారు, వాళ్ల గురించి టెన్షన్ పడొద్దు.

చాలా పాయింట్లు పోగయ్యాయి. ఏది ముందు?

ఒక షీట్ తెరిచి, ఒక్కో లైన్‌లో ఎక్కడ జరిగింది, ఏం జరిగింది, ఎంతమందికి జరిగింది అని రాయండి. "కన్ఫ్యూజింగ్‌గా ఉందట" అని రాస్తే వారం తర్వాత మీకే అర్థం కాదు. "షిప్పింగ్ ఖర్చు ఎంతో చివరిదాకా కనపడలేదు, ఇద్దరు వెనక్కి వెళ్లారు" అని రాయాలి.

పని పూర్తిగా ఆగిపోయినవి ఒక్కరికే జరిగినా ముందు. తడబడి గట్టెక్కినవి ఇద్దరు ముగ్గురికి జరిగితే తర్వాత. "ఈ నీలం నాకు నచ్చలేదు" రకం అట్టడుగున, అది మీ మామగారు అన్నా సరే.

డెవలపర్‌కు చెబితే "నా దగ్గర బాగానే పనిచేస్తోంది" అంటున్నాడు.

ఆయన లాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తోంది మరి. "ఫారం పనిచేయట్లేదు" అని పంపకండి. ఏ ఫోన్, ఏ బ్రౌజర్, ఏం టైప్ చేశారు, ఏది నొక్కారు, ఏం జరగాలి, ఏం జరిగింది, ఒక స్క్రీన్ రికార్డింగ్. అన్నిటికన్నా బాగా పనిచేసేది ఆయన్ను ఒక సెషన్‌లో వెనక కూర్చోబెట్టడం. నంబర్ బాక్స్ దగ్గర ఆగిపోయిన ఆ పెద్దావిడను చూశాక మా డెవలపర్ వాదించలేదు.

ఇదంతా ఎన్నాళ్లకోసారి చేయాలి?

లాంచ్ అయిన రెండు వారాల్లో ఒకసారి, సరిచేశాక ఇంకోసారి. ఆ తర్వాత పెద్ద మార్పు చేసినప్పుడల్లా.

అన్నీ పెట్టాం. ఫారం పెట్టాం, మెయిల్ ఐడీ పెట్టాం. ఒక్క ఫీడ్‌బ్యాక్ కూడా రాలేదు. జనానికి ఆసక్తి లేదా?

అలా అనుకునే ముందు మీ ఫారం నుంచి మీరే ఒక మెసేజ్ పంపి, అది ఇన్‌బాక్స్‌లోకి వచ్చిందో లేదో చూడండి. చాలా ఫారాల్లో ఒక తప్పు సెట్టింగ్ ఉంటుంది. మెయిల్‌ను విజిటర్ అడ్రస్ నుంచి వచ్చినట్టుగా మీ సర్వర్ పంపిస్తుంది. మెయిల్ సర్వీసులకు అది దొంగ మెయిల్‌లా కనిపించి స్పామ్‌లోకి తోసేస్తాయి, లేదా అసలు తీసుకోవు. పంపే అడ్రస్ మీ సొంత డొమైన్‌ది ఉండాలి, విజిటర్ అడ్రస్ "రిప్లై టు" దగ్గర ఉండాలి. డెవలపర్‌కు ఈ ఒక్క వాక్యం చెబితే పది నిమిషాల్లో సరిచేస్తాడు.

ఒక ఓనర్ ఇలాగే మూడు వారాలు ఎదురుచూసి, "మన సైట్‌కు ఎవరూ రావట్లేదండీ" అని దిగులుగా ఫోన్ చేశారు. స్పామ్ ఫోల్డర్ తెరవమన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టారు. అన్నిటికన్నా పైన, ఆ రోజు పొద్దున్నే వచ్చిన మెసేజ్: "ఇది మూడోసారి రాస్తున్నాను. మీ ఫారం పనిచేస్తోందా?"